నెమలికన్ను మూసిన ఊపిరి

వైశాఖ శుద్ధ పంచమి నాడు ఏదుపంది సింగారమ్మకు అన్యాయం జరిగింది. జరిగింది మబ్బుకోన అడవిలో. చేసింది నెమలి పింఛయ్య.

మబ్బుకోనలో మబ్బులు చెట్ల కంటే కిందుగా తిరుగుతాయి. అక్కడ దుప్పులు, కుందేళ్ళు, అడవిదున్నలు, చిలుకలు ఉండేవి. స్థోమత ఉన్నవాటికి బళ్ళుండేవి. సింగారమ్మకు ఒక పాత లారీ ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే వాగునీళ్ళు పీపాలకు పట్టి, లారీకెత్తి, కొండమీది దుప్పుల మందకు చేరవేసేది. పైన చుక్క నీరుండదు. కింద నీరుంటుంది కానీ, చిరుతలు కూడా ఉంటాయి.

కొండ మొదట్లో పింఛయ్య షోరూం. చుట్టూ అద్దాల గోడలు. నేల మీద నడిస్తే నీటి మీద నడిచినట్టుండేది. పంచమి నాడు సింగారమ్మ ఆయిలు మార్చమని లారీని అక్కడ వదిలింది. సాయంత్రానికి లారీ పెళ్ళికూతురిలా బయటికొచ్చింది. డీజిల్ ట్యాంకు మూత మీద నీలంరంగు నెమలికన్ను మెరుస్తోంది.

"ఇదేంటి పింఛయ్యగారూ, నేనడగలేదే?"

"మా ముద్ర, సింగారమ్మా. నా చేతిలోంచి వెళ్ళే ప్రతి బండికీ నా కన్నుంటుంది," అని పింఛయ్య పురి విప్పాడు. అద్దాల్లో వెయ్యి కళ్ళు కనిపించాయి.

మర్నాడు లారీ సగం కొండెక్కింది. దగ్గింది. నిట్టూర్చింది. నిద్రపోయింది. తాళం ఎంత తిప్పినా లేవలేదు. పీపాల అతుకుల్లోంచి నీళ్ళు కారి, ఎర్రమట్టిలో ఇంకిపోయాయి. సింగారమ్మ బ్రేకు మీద కాలు పెట్టుకుని, లారీని వెనక్కి వెనక్కి దొర్లించుకుంటూ షోరూం చేరింది. కాసేపు నిలబెట్టాక తాళం తిప్పితే లారీ ఏమీ ఎరగనట్టు గుర్రుమంది!

"కంప్యూటర్లో ఏ లోపమూ చూపించడం లేదమ్మా," అంది కౌంటరులో చిలుక.

"కొండ మధ్యలో ఆగిపోతోంది తల్లీ."

"కంప్యూటర్లో ఏ లోపమూ చూపించడం లేదమ్మా."

"నీ కంప్యూటర్ ఎప్పుడైనా కొండెక్కిందా?"

పింఛయ్య నవ్వాడు. "లోపం బండిలో కాదు, నడిపే చేతుల్లో ఉంది. ముళ్ళపందికి స్టీరింగు ఇస్తే ఇంతే మరి." అలా అంటూనే ఏదో కొత్త సామాను బిగించి, మూత మీద ఇంకో పూత నీలం వేయించి పంపాడు.

అలా మూడుసార్లయింది. మూడుసార్లూ కొత్త సామాను, మూడుసార్లూ కొత్త పూత. లారీ మాత్రం అదే మలుపులో నిద్రపోయేది.

మూడోసారి ముసలి దుప్పి అవ్వ మలుపు దాకా దిగి వచ్చింది. ఆమె పెదాలు బెరడులా ఎండిపోయాయి.

"సింగీ, పిల్లలకు నాలుకలు పిడచకట్టాయే. పౌర్ణమి దాకా ఓర్చుకుంటాం. ఆ పైన దిగక తప్పదు."

"దిగితే చిరుత తింటుందవ్వా!"

"దిగకపోతే దాహం తింటుంది. ఏదో ఒక నోట్లో పడాలిగా."

 

పౌర్ణమి వచ్చింది. మిట్టమధ్యాహ్నం. లారీ మళ్ళీ అదే మలుపులో కళ్ళు మూసింది. గాలి కదలడం లేదు. దారి మీద ఎండ నీళ్ళలా తళతళలాడుతోంది. ఎక్కడినుంచో ఇప్పపూల వాసన మత్తుగా వస్తోంది. ఒక మబ్బు దిగివచ్చి లారీ పక్కన కూర్చుంది. ఆ నిశ్శబ్దంలో లారీ ఒక పెద్ద జంతువులా, మూసిన గదిలో పడుకున్న రోగిలా కనిపించింది సింగారమ్మకు.

ఆమె సీటు కింద చెయ్యిపెట్టి బండితో వచ్చిన పుస్తకం తీసింది. "అది మా మిస్త్రీల కోసం, నీకేం అర్థమవుతుంది?" అని పింఛయ్య ఎన్నడో అంటే, ఇన్నాళ్ళూ తెరవని పుస్తకం. సింగారమ్మ బడికి వెళ్ళలేదు. అయితేనేం, గాలికి కొట్టుకొచ్చిన కాగితం ఒక్కటి కూడా చదవకుండా వదల్లేదు. మిస్త్రీలు ఒక్కసారీ తెరవలేదని అంటుకుపోయిన పేజీలే చెబుతున్నాయి. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పోతే నలభై ఒకటో పేజీలో ఇలా ఉంది: "డీజిల్ మూతకు సన్నని రంధ్రం ఉంటుంది. ట్యాంకు దాని ద్వారా గాలి పీల్చుకుంటుంది. దాన్ని మూయరాదు."

ఆమె మెల్లగా మూత తిప్పింది.

హుస్స్!

చాలాసేపు నీళ్ళలో మునిగి తేలిన పిల్లలా లారీ గుండెనిండా గాలి పీల్చుకుంది. మబ్బు అంచు కూడా ఇంత లోపలికి పోయింది.

"ఓసి నా తల్లీ, నీకు ఊపిరాడలేదటే!" అంది సింగారమ్మ.

మూతను ఎండకు ఎత్తి చూసింది. నీలం పూతలన్నీ కలిసి నెమలికన్ను నడిమధ్యన రంధ్రాన్ని పూడ్చేశాయి. ఆమె వీపు మీంచి ఒక ముల్లు పీకి, కనుపాప మధ్యలో గుచ్చి, రంగు గీకింది. ఆవగింజంత వెలుతురు అవతలికి వచ్చింది.

లారీ కొండెక్కింది. మబ్బుల్లోంచి దుప్పిపిల్లలు ఒక్కొక్కటే కలలోంచి వచ్చినట్టు వచ్చి పీపాల్లో మూతులు పెట్టాయి. చాలాసేపు గుటకల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. అవ్వ అన్నిటికంటే చివర తాగింది.

తిరుగుదారిలో, అసురసంధ్య వేళ, అదే మలుపులో ఒక మెరిసే కారు ఆగి ఉంది. కొండ మీద పౌర్ణమి వెన్నెల్లో పురి విప్పి ఆడడానికి పోతున్న పింఛయ్య కారు. మూత మీద అన్నిటికంటే పెద్ద కన్ను. ఆయన వెనకనుంచి కారు నెడుతున్నాడు. పింఛం దుమ్ములో చీపురై ఈడ్చుకుపోతోంది.

"కంప్యూటర్ ఏమంటోంది పింఛయ్యగారూ?" అంది సింగారమ్మ.

పింఛయ్య తల దించుకున్నాడు. "కాస్త చూడు తల్లీ."

ఆమె తన చేతిలోని ముల్లును ఆయనకిచ్చింది. "కన్ను మీది. పొడవాల్సింది కూడా మీరే. పొడిచాక, కోనలో మీరు మూసిన మిగతా కళ్ళన్నీ కూడా మీ చేత్తోనే తెరిచి రండి."

ఆ తరువాత చాలా రోజులు పింఛయ్య ముల్లు పట్టుకుని గడప గడపకూ తిరిగాడు. సింగారమ్మ మాత్రం ఆ సాయంత్రమే లారీ తలుపు లోపలి వైపు గీతలు గీసి రాసుకుంది: "రిపేరుకు ఖర్చు, ముల్లు ఒకటి. వైశాఖ శుద్ధ పౌర్ణమి."

నీతి: తళుకు చూసి బండి అప్పగిస్తే దారిలో ఆగుతుంది, తెలుసుకుని తానే చెయ్యి పెడితే కొండెక్కుతుంది.