వకీలు లేని తాబేలు

అనగనగా ఒక అడవి. పిల్లలూ, ఆ అడవిలో బయటివాళ్లు ఊరికే ఉండిపోవడానికి వీల్లేదు. సొంత చోటు పాడైపోయిందని రుజువు చూపించాలి. ముంగిస అధికారి కుదరదంటే ఎలుగుబంటి జడ్జిగారికి అప్పీలు పెట్టుకోవాలి. ఆయన కోర్టులో ఒక పద్ధతి ఉంది. మూడుసార్లు పిలిచినా బదులు రాకపోతే, చెప్పుకోవడానికి ఏమీ లేనట్టే.

ఒకరోజు మూడు అప్పీళ్లు వచ్చాయి. మొదటిది జింకది. దాని వకీలు చిలుక గడువు అడిగింది. జడ్జి ఇచ్చేశాడు. రెండోది నెమలిది. దాని వకీలు ఇంకో చిలుక. అది ముంగిస రాసిన కాగితాలు చూపించమంది. చూపించారు. మూడోది తాబేలుది. దానికి వకీలు లేడు. చిలుకకు బుట్టెడు జామపళ్లు ఇచ్చుకునే స్తోమత పాపం దానికెక్కడిది?

"తాబేలు చెరువులో నీళ్లున్నాయి. కొంగ చూసింది," అని ముంగిస గట్టిగా చదివాడు. ఆ గొంతుకే తాబేలు హడలిపోయి తల డిప్పలోకి లాక్కుంది. మూడుసార్లు పిలిచారు. డిప్ప కదల్లేదు. వెనక్కి పంపితే ఎండిన చెరువులో మాడి చావడమే.

జడ్జి తీర్పు చెప్పబోయి ఆగాడు. ఇందాక ఇద్దరికీ అడగ్గానే ఇచ్చానే, దీనికేమీ ఇవ్వలేదే అని ఆయన మనసు చురుక్కుమంది.

"ఇది ఏమీ అడగలేదు కదండీ," అన్నాడు ముంగిస.

"అడగొచ్చని తెలిస్తే కదా అడగడానికి," అన్నాడు జడ్జి.

ఆయన గద్దె దిగబోతుంటే, దాని తరఫున వాదించడం మీ పని కాదని చిలుకలు గోల పెట్టాయి. వాదించను, దానిమీద ఏం రాశారో దానికి చెబుతానంతే అన్నాడాయన. గద్దె దిగి, డిప్ప పక్కన చతికిలబడి, మెల్లగా అంతా చెప్పాడు. కొంగను ప్రశ్న అడగొచ్చన్నాడు. మర్నాటిదాకా గడువిచ్చాడు.

మర్నాడు తాబేలు ఒక్కటే అడిగింది. "కొంగన్నా, నువ్వు మా చెరువు చూసిందెప్పుడు?"

"కిందటేడు వానల్లో," అంది కొంగ.

ఈ ఏడు చినుకైనా పడలేదని అందరికీ తెలుసు. తాబేలు ఇక్కడే ఉండొచ్చని తీర్పు వచ్చింది. ఈ మాటేదో ముందే నా దగ్గర అడగొచ్చుగా అని ముంగిస గొణిగాడు.

"కొంగ మాట అప్పుడు మీరు నాకు చెప్పనేలేదు కదయ్యా," అంది తాబేలు.

అది విని జడ్జి తన పాత తీర్పులు తలుచుకున్నాడు. బదులు రాలేదని ఇన్నేళ్లలో ఎంతమందిని పంపేశాడో ఆయనకే గుర్తులేదు. ఆరోజు నుంచి మూడుసార్లు పిలిపించడం మానేశాడు. ఒక్కసారి పిలిచి, బదులు రాకపోతే దిగివెళ్లి పక్కన కూర్చుంటున్నాడు.

నీతి: ఎదుటివారికి తమ మీద ఏముందో చెప్పి, వాళ్ల మాట విన్నాకే తీర్పు చెప్పాలి.