గాలిగువ్వకు గారెల విందు

ఒకానొక కొండరాజ్యంలో రణమల్లుడనే రాజు ఉండేవాడు. యుద్ధాలు గెలిచినవాడే, కాని విస్తరి ముందు కూర్చుంటే పసిపిల్లవాడు. నేతిగారెలు, బూరెలు, వేపుడు మాంసం ఉంటే చాలు. ఆకుకూర వడ్డిస్తే అంచుకి నెట్టేసేవాడు. ఇక కరివేపాకు గతి చెప్పనక్కర్లేదు. కరివేపాకు గురించి నాకు కొన్ని అభిప్రాయాలున్నాయి గాని, అవి మొదలుపెడితే రాజు వెనకబడిపోతాడు.

కొంతకాలంగా మెట్లెక్కితే రాజుకి ఛాతీ పట్టేసినట్టయ్యేది. ఆస్థాన వైద్యుడు కేశవభట్టు ఒక వెండి భరిణె తెచ్చాడు. తన పేరుకి ముందు బిరుదులన్నీ చదివితే తప్ప సభలో అడుగుపెట్టని మనిషాయన.

"ప్రభూ! ఇనుముకి పట్టినట్టే మన రక్తనాళాలకీ తుప్పు పడుతుంది. ఆకుకూరలూ ఉసిరికాయలూ తినేవాళ్ళ రక్తంలో ఆ తుప్పుని ఆపే సారం నిండుగా ఉంటుంది. వాళ్ళ గుండెలు గట్టివి. ఆ సారాన్ని ఈ గుళికల్లోకి దించాను. రోజుకొకటి మింగండి, ఆపైన తమ ఇష్టం."

"అయితే ఆకులు నమలక్కర్లేదా?"

"ఆకులు మేకలకి ప్రభూ!"

తుప్పు మాట మరీ వట్టిది కాదు. మా కాలేజీలో రసాయనశాస్త్రం మేష్టారు కోసిన వంకాయ నల్లబడటం చూపించి ఇలాంటిదే ఏదో చెప్పారు. సగం క్లాసు నిద్రపోయింది. సరే, కథలోకి వద్దాం.

రాజు పొంగిపోయి చాటింపు వేయించాడు. తన విస్తరి దగ్గర ఆకుకూర మాట ఎత్తినవాడికి దేశబహిష్కారం! గుళిక ఒకటి మింగడం, గారెలు రెట్టింపు లాగించడం. చివరికి ఒకరోజు సభామండపం మెట్ల మీదే చెమటలు కక్కుతూ కూలబడ్డాడు.

రాణి పద్మాంబ విదూషకుడు ఓబన్నను పిలిపించింది.

"ఓబన్నా, దసరాకి ఆయన గుర్రమెక్కి కొండమీది అమ్మవారి దగ్గరికి వెళ్ళాలి. ఈ తీరున దారిలోనే పడిపోతారేమోనని భయంగా ఉంది. నేను చెబితే వినరు. నువ్వు చెబితే దేశం దాటాలి."

"చెప్పనమ్మా. వడ్డిస్తాను," అన్నాడు ఓబన్న.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. దసరానాడు పొద్దున్నే రాజూ, రాజుగారి గుర్రమూ ఒకే తిండి తినాలి. రాజు పిడికెడు ఉలవగుగ్గిళ్ళు తిని, గుర్రానికి తన చేత్తో తినిపించేవాడు. ఆ ఏడు ఆ ఏర్పాటు ఓబన్న నెత్తిన వేసుకున్నాడు.

పండగనాడు రాజు కేశవభట్టుని వెంటబెట్టుకుని, తన ప్రాణానికి ప్రాణమైన గుర్రం గాలిగువ్వ దగ్గరికి వచ్చి, తొట్టిలోకి చూశాడు. నిండా గారెలు, బూరెలు, వేపుడు మాంసం. వాటి మీద ఒకే ఒక్క గుళిక.

"ఎవడురా ఇది పెట్టింది?"

"నేనే ప్రభూ. తమరు రోజూ తినేదే కదా! గడ్డి సారం గుళికలో ఉంది."

"తిక్క వెధవా! ఇది తిని కొండెక్కితే గుర్రం గుండె ఆగి చస్తుంది!"

"గుళిక కాపాడదూ? భట్టుగారూ, తమరొక్క మాట హామీ ఇవ్వండి."

కేశవభట్టు ఒక అడుగు వెనక్కి వేశాడు. "అంటే... ఇది చాలా విలువైన గుర్రం ప్రభూ. దీనిమీద ప్రయోగాలెందుకు?"

రాజు భట్టు వైపు తిరిగాడు.

"మరి నా మీదో?" అన్నాడు రాజు మెల్లిగా.

ఓబన్న చేతులు జోడించాడు. "ప్రభూ, భట్టుగారు చూసింది నిజమే. ఆకులు తినేవాడి రక్తంలో ఆ సారం ఉంటుంది. కాని అది ఆకుల తిండి వదిలిన అడుగుజాడ. ఏనుగు నడిస్తే అడుగు పడుతుంది. అడుగు గీసినంత మాత్రాన ఏనుగు వస్తుందా?"

రాజు తొట్టిలోంచి గుళిక తీసి అవతల పారేసి, కనుబొమ్మలు ముడిచాడు. "అదలా ఉంచు. ఆకుల మాట ఎత్తావు, శిక్ష గుర్తుందా?"

"విస్తరి దగ్గర ఎత్తితే కదా శిక్ష? ఇది తొట్టి ప్రభూ."

రాజు పకపకా నవ్వాడు. తన మెడలోని ముత్యాలహారం తీసి ఓబన్న మెడలో వేశాడు. రాజోద్యానంలో తోటకూర మళ్ళు వేయించి, నీళ్ళు పోసే పని కేశవభట్టుకి అప్పగించాడు. గుర్రానికి ఉలవలు తెప్పించి, తానూ పిడికెడు నమిలాడు. ఆ ఏడు పల్లకీలోనే కొండెక్కాడు.

మరుసటి దసరాకి పల్లకీ లేదు. గుర్రమూ ఎక్కలేదు. గాలిగువ్వ కళ్ళెం పట్టుకుని, దానితో కబుర్లాడుతూ, రాజు కాలినడకనే కొండెక్కాడు.