పీరయ్య అట్టలు

అనగనగా ఒక కొండ. ఆ కొండ కింద కోటా లేదు, పేటా లేదు. ఒక విశ్వవిద్యాలయం ఉండేది. ఎప్పటి మాట అని మాత్రం నన్నడగొద్దు. అచ్చు అక్షరాలను సీసంతో పోతపోసి, ఒక్కొక్కటీ చేత్తో పేర్చే కాలం నాటి మాట.

ఆ విశ్వవిద్యాలయంలో మూడు రకాల పత్రికలు అచ్చయ్యేవి. ఏడాదికోసారి ఆఫీసువాళ్ళది వచ్చేది, దానికి పట్టుగుడ్డ అట్ట. ఆరు నెలలకోసారి మేష్టర్లది వచ్చేది, దానికి దళసరి అట్ట. శుక్రవారం శుక్రవారం హాస్టలు పిల్లలది వచ్చేది. దానికి అట్టా లేదు, కుట్టూ లేదు. ఒక్కటే కాగితం, అటూ ఇటూ అచ్చు. దాని పేరు ‘మెస్సు గంట’. ఈ వారం చారులో చింతపండెంత, నీళ్ళెన్ని. కబడ్డీలో ఎవరు గెలిచారు, ఎవరు మోకాలు చెక్కుకున్నారు. ఎవరి చెప్పులు పోయాయి. అన్నీ రాసేవాళ్ళు. పొద్దున చదివి నవ్వుకునేవాళ్ళు, సాయంత్రం అదే కాగితంలో బొరుగులు పోసుకుని తినేవాళ్ళు.

గ్రంథాలయం వెనక చిన్న గదిలో దూదేకుల పీరయ్య పుస్తకాలకు బైండింగు చేసేవాడు. చదువు అంతంతమాత్రం. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేవాడు. ఒక శుక్రవారం ‘మెస్సు గంట’లో రెండు వరుసలు కనిపించాయి. “బైండింగు పీరయ్యకు కూతురు పుట్టింది. మెస్సులో అందరికీ బెల్లం పంచాడు” అని. పీరయ్య వాటిని పదిసార్లు చదువుకున్నాడు. జీవితంలో తన పేరు అచ్చులో చూడడం అదే మొదలు, అదే చివర. ఎక్కడలేని సంతోషంతో ఆ కాగితం పట్టుకుని గ్రంథాలయం పెద్దాయన దగ్గరికి పరిగెత్తాడు.

“సామీ, ఈ మెస్సు గంట గూడా వారానికొకటి దాచిపెట్టండి సామీ.”

“ఇది గ్రంథాలయం అనుకున్నావా, చెత్తకుండీ అనుకున్నావా? తీసుకుపో” అన్నాడు పెద్దాయన.

పీరయ్య మారు మాట్లాడలేదు. పోయి జిగురు కలుపుకున్నాడు.

నెలాగి మళ్ళీ అడిగాడు. “రిజిస్టరులో దీనికి గడే లేదు పీరయ్యా, ఎక్కడ రాయమంటావు?” అన్నాడు పెద్దాయన.

పీరయ్య మారు మాట్లాడలేదు. పోయి జిగురు కలుపుకున్నాడు.

మూడోసారి అడిగేసరికి పెద్దాయనకు ఒళ్ళు మండింది. “రిజిస్టరులో లేని కాగితం నీ గదిలో ఒక్కటి కనబడిందో, దానితోపాటు నిన్నూ బయటికి ఊడ్చేస్తాను!” అన్నాడు.

పీరయ్య మారు మాట్లాడలేదు. పోయి జిగురు కలుపుకున్నాడు. కానీ ఈసారి జిగురు ఊరికే కలపలేదు, ఆలోచిస్తూ కలిపాడు.

ఆ రోజుల్లో బైండరు అట్ట కొనేవాడు కాదు. తనే చేసుకునేవాడు. చిత్తు కాగితం మీద చిత్తు కాగితం మైదా జిగురుతో అతికించి, బండ కింద పెట్టి, ఎండబెడితే అదే అట్ట. పురుగు పట్టకుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం. అట్ట చెయ్యడానికి చిత్తు కాగితం గదిలో ఉండొచ్చు, దానికి ఎవరి అడ్డూ లేదు. “మీరు చిత్తు కాగితమంటిరి గదా, చిత్తు కాగితంలోనే ఉండనీలే. ఉంటే చాలు” అనుకున్నాడు పీరయ్య. ఆ శుక్రవారం నుంచి ప్రతి ‘మెస్సు గంట’నూ ఏదో ఒక అట్ట కడుపులో పెట్టాడు. ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు, ఇరవై రెండేళ్ళు పెట్టాడు. ఏ కాగితం ఏ అట్టలో పెట్టాడో మాత్రం ఎక్కడా రాసుకోలేదు. అది అతని మొదటి పొరపాటు.

ఇలా ఉండగా ఒక ఏడు వానలు దంచికొట్టాయి. మెస్సు వెనక గోడ బీటలు వారింది. మొదట వేలు పట్టేంత బీట. తర్వాత చెయ్యి పట్టేంత. వంట చేసే ఓబులమ్మ ఆఫీసుకు వెళ్ళి చెప్పింది. చూస్తాంలే అన్నారు. మళ్ళీ వెళ్ళింది. చూస్తాంలే అన్నారు. మూడోసారీ వెళ్ళింది. చూస్తామన్నాము గదా, పోయి వంట చూసుకో అన్నారు. మూడు శుక్రవారాలు ‘మెస్సు గంట’లో గోడ మాట అచ్చయింది. నాలుగో శుక్రవారం రాకముందే, పిల్లలు పొద్దున ఉప్మా తింటుండగా గోడ కూలింది. వడ్డించే మారెన్న దాని కింద పడ్డాడు. రాళ్ళు తీసేసరికి ప్రాణం లేదు.

అప్పుడు రిజిస్ట్రారు గారు నోరు విప్పారు. “ఓబులమ్మ గోడ మొదట్లో కడుగునీళ్ళు పారబోసింది. గోడ నాని కూలింది. బీట సంగతి ఆఫీసుకు ఎవరూ చెప్పలేదు” అన్నారు. నింద మొత్తం ఆమె నెత్తిన రుద్దేసి చేతులు దులుపుకున్నారు. మూడు రోజుల్లో విచారణ. పదవి దిగిన ముసలి జడ్జి ఒకాయన వస్తాడు. తప్పు ఓబులమ్మదని తేలితే పోలీసులకు అప్పగిస్తారు.

ఓబులమ్మ వచ్చి పీరయ్య గది గడపలో కూలబడింది.

“అన్నా, జైల్లో ఏస్తే ఏస్తారు, ఆడ గూడా వంట జేసుకుంటా. కానీ మారెన్న పెండ్లాం నన్ను జూసి మొగం తిప్పుకునింది అన్నా. నా మొగున్ని నువ్వే సంపితివి అనింది. నేనెట్ల బతకల్ల?”

పీరయ్య చేతిలో పని పక్కన పెట్టి లేచాడు.

పిల్లలు ఆ మూడు కాగితాల కోసం వెతకని చోటు లేదు. హాస్టలు గదుల్లో చూశారు. రిజిస్ట్రారు మనుషులు ముందే వచ్చి, ఉన్నవన్నీ పోగుచేసి పొయ్యిలో పెట్టి పోయారు. ప్రెస్సులో చూశారు. అచ్చు విప్పేసి అక్షరాలు మళ్ళీ గళ్ళలో సర్దేశారు. గ్రంథాలయంలో చూశారు. అక్కడ పట్టుగుడ్డ సంచికలున్నాయి, దళసరి సంచికలున్నాయి, ‘మెస్సు గంట’ లేదు. “కాగితం ఉంటే చూపించండి, లేకపోతే మీ మాట కట్టుకథ” అన్నారు ఆఫీసువాళ్ళు.

కాగితాలు ఎక్కడున్నాయో తెలిసినవాడు ఒక్క పీరయ్యే. కానీ ఏ అట్టలో?

కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నాడు. ఆ వానల్లో అట్టలు సరిగ్గా ఎండలేదు. పచ్చి వాసన పోకుండానే మూడు పుస్తకాలకు ఎక్కించాడు. ఒకటి పట్టాలు తీసుకున్నవాళ్ళ పేర్లుండే స్నాతకోత్సవాల పుస్తకం. రెండోది సెనేటు తీర్మానాల పుస్తకం. మూడోది... మూడోది తలుచుకోగానే పీరయ్య గుండె జారిపోయింది. మొదటి రెంటిలో దొరికితే మూడోదాని జోలికి పోనక్కర్లేదు అనుకున్నాడు.

మొదటి రోజు స్నాతకోత్సవాల పుస్తకం తెచ్చుకున్నాడు. బంగారు అక్షరాల అట్ట. దాన్ని పెరికితే ఉద్యోగం పోతుంది. తెలుసు. తెలిసే కత్తి పెట్టాడు. అట్టను తొట్టిలో చన్నీళ్ళలో వేసి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. పొర తరవాత పొర విడదీశాడు. అన్నీ పాత పరీక్ష కాగితాలే. ‘మెస్సు గంట’ ఒక్కటీ లేదు.

రెండో రోజు సెనేటు పుస్తకం తెచ్చుకున్నాడు. అట్ట తొట్టిలో వేశాడో లేదో, బయట మాటలు వినిపించాయి. పీరయ్య పుస్తకాలు పెరుకుతున్నాడట అని ఎవరో పెద్దాయన చెవిన వేశారు. ఆయన మెట్లు దిగి వస్తున్నాడు. పీరయ్యకు కంగారు పుట్టింది. పొయ్యి మీద జిగురు కోసం సలసల కాగుతున్న నీళ్ళను తీసి అట్ట మీద గుమ్మరించాడు. ఏ బైండరూ చెయ్యని పని అది. పొరలు విడిపోయాయి. ‘మెస్సు గంట’ కనబడింది, ‘గోడ’ అన్న మాట కనబడింది. పట్టుకుని లాగగానే కాగితం మొత్తం పిండిముద్దలా వేళ్ళకు అంటుకుపోయింది. రెండో పొరపాటు. పీరయ్య ఆ ముద్దను అరచేతిలో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పెద్దాయన వచ్చి, చూసి, ఒక్కటే మాట అన్నాడు: “రేపు విచారణ అయ్యాక నీ సంగతి తేలుస్తాం.”

మూడో రోజు వచ్చింది.

పెద్ద హాల్లో జడ్జి కూర్చున్నాడు. ఒక పక్క ఓబులమ్మ నిలబడింది. ఎదుట మారెన్న భార్య కొంగు నోట కుక్కుకుని కూర్చుంది. రిజిస్ట్రారు గారు లావుపాటి పుస్తకం ఒకటి చంకన పెట్టుకుని వచ్చారు. పన్నెండేళ్ళ పంచాంగాలు కలిపి కుట్టించుకున్న పుస్తకం అది. అది చూడకుండా ఆయన ఆఫీసులో సంతకం కూడా పెట్టరు.

“ఆఫీసుకు పోయి చెప్పినావని ఆధారం ఏమైనా ఉందా అమ్మా?” అన్నాడు జడ్జి.

“నాకు సదువు రాదు సామీ. నోటితో చెప్పినా. మూడు సార్లు చెప్పినా.”

రిజిస్ట్రారు గారు పంచాంగం తిరగేశారు. “ఇంకో పావుగంటలో రాహుకాలం అండీ. ఈలోగా తీర్పు చెప్పేస్తే శుభం” అన్నారు.

వెనక వరుసలో పీరయ్య లేచాడు. అట్టలో కాగితం లేకపోతే ఓబులమ్మతోపాటు తనూ పోతాడు. ఉన్నా తన ఉద్యోగం ఉండదు. అయినా లేచాడు.

“ఆధారం ఉండాది దొరా.”

“ఎక్కడ?”

“రిజిస్ట్రారు గారి సేతికిందనే ఉండాది. ఆ పంచాంగాల అట్టలో.”

హాలంతా గుసగుసలు లేచాయి. రిజిస్ట్రారు గారు పుస్తకాన్ని గుండెకు హత్తుకున్నారు. “ఇది నా సొంత పుస్తకం! ముట్టుకోవడానికి వీల్లేదు!” అన్నారు.

ముసలి జడ్జి కళ్ళజోడు సర్దుకున్నాడు. “సొంత పుస్తకమా? మరి విశ్వవిద్యాలయం బైండరు మీ ఇంటి పంచాంగాలకు అట్ట ఎందుకు వేశాడండీ?”

జడ్జి చెయ్యి చాచి పుస్తకం తీసుకున్నాడు.

మెస్సు నుంచి గంగాళం తెచ్చారు. పీరయ్య అట్ట కోసి నీళ్ళలో పెట్టాడు. కొంచెంసేపయింది. ఇంకొంచెంసేపయింది. “ఎంతసేపు? వేడినీళ్ళు పోస్తే సరిపోదా?” అని కసిరారు రిజిస్ట్రారు గారు.

“వద్దు దొరా. చన్నీళ్ళే” అన్నాడు పీరయ్య. జడ్జి వైపు తిరిగి, “నిన్న తొందరపడి ఒకటి పోగొట్టినా. ఈ పొద్దు పోగొట్టను” అన్నాడు.

పావుగంట దాటింది. రాహుకాలం వచ్చింది, పోయింది. ఎవరూ కదల్లేదు. పీరయ్య వేలి కొస అట్ట అంచున పెట్టి చూశాడు. రాలేదు. ఆగాడు. మళ్ళీ చూశాడు. రాలేదు. ఆగాడు. మూడోసారి పెట్టాడు. పొర లేచింది.

మొదటి పొర పరీక్ష కాగితం. రెండో పొర ఎవరిదో సెలవు చీటీ. మారెన్న భార్య లేచి నిలబడింది. మూడో పొర ‘మెస్సు గంట’. పీరయ్య దాన్ని రెండు చేతుల మీదా పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి, బల్ల మీద పరిచాడు. అచ్చు సిరా చెక్కు చెదరలేదు. జడ్జి వంగి పైకి చదివాడు.

“మెస్సు వెనక గోడ బీటలో ఇప్పుడు చెయ్యి దూరుతోంది. వంట ఓబులమ్మ సోమవారం మూడోసారి ఆఫీసుకు వెళ్ళింది. రిజిస్ట్రారు గారు చూస్తామన్నారు. మేమూ చూస్తున్నాం.”

మారెన్న భార్య మెల్లగా నడిచి వచ్చి ఓబులమ్మ భుజం మీద తల పెట్టి బావురుమంది. ఓబులమ్మా ఏడ్చింది. పీరయ్య తడిచేతులు పంచెకు తుడుచుకుంటూ అలాగే నిలబడిపోయాడు.

రిజిస్ట్రారు గారి పదవి ఆ నెలలోనే పోయింది. మరి పీరయ్యకు మేలు జరిగిందా అంటే, ఆఫీసులు అంత మంచివైతే ఈ కథే ఉండేది కాదు. విశ్వవిద్యాలయం పుస్తకాలు రెండు పాడు చేశాడని కొత్తగా వచ్చిన రిజిస్ట్రారు రూలు చూపించి పంపించేశాడు. పీరయ్య మారు మాట్లాడలేదు. దబ్బనం, దారపుండ మూటగట్టుకుని సొంత ఊరికి వెళ్ళిపోయాడు. ఏళ్ళు గడిచాయి. జనం ఎవరి పనిలో వాళ్ళు పడిపోయారు. ఒకనాడు ఓబులమ్మకు కార్డు ముక్క వచ్చింది, పీరయ్య చనిపోయాడని.

ఆ కార్డు పట్టుకుని ముసలి ఓబులమ్మ గ్రంథాలయానికి వెళ్ళింది. అరల నిండా ఉన్న పుస్తకాలకేసి చెయ్యి చూపించి అడిగింది.

“ఆయప్ప ఇరవై రెండేండ్లు అట్టలు జేసె గదా. మీరు మూడే ఇప్పి సూసినారు. మిగతావి ఎవరు సూస్తారు నాయనా?”

గ్రంథాలయంవాళ్ళు తలలు దించుకున్నారు. ఆ రోజే ఒక అట్ట చన్నీళ్ళలో నానబెట్టారు. లోపల పదకొండు ‘మెస్సు గంట’లు దొరికాయి. ఎప్పుడో వెళ్ళిపోయిన పిల్లల జ్వరాలు, గెలుపులు, పోయిన చెప్పులు, అన్నీ ఉన్నాయి. వాటి కోసం ఒక గది కేటాయించారు. రిజిస్టరులో గడి గీశారు. ఇప్పుడు అక్కడ అచ్చయ్యే ప్రతి కాగితం, అది చిన్నదా పెద్దదా అని చూడకుండా, ఆ గదికి వెళ్తుంది.

ఆ చుట్టుపక్కల ఇప్పటికీ ఎవరైనా పెద్దమనిషి “దానికి ఆధారం లేదు” అని కొట్టిపారేస్తే, “అట్ట నానబెట్టి చూశారా అయ్యా?” అని ఎదురడుగుతారు.

ఏటా కొత్త పిల్లలు చేరిన మొదటి శుక్రవారం, అందరూ గంగాళం చుట్టూ చేరి పీరయ్య అట్ట ఒకటి నానబెడతారు. ఎంతసేపైనా సరే, చన్నీళ్ళే. లోపల ఏముంటే అది పైకి చదువుతారు. ఏడాదికి ఒక్కటే అట్ట. కొత్తవాళ్ళు ఆగలేక, “అన్నీ ఒకేసారి విప్పేస్తే పోలా?” అంటారు.

“విప్పేస్తే, మీ తరవాత వచ్చేవాళ్ళకు పీరయ్య ఏమిస్తాడు?” అంటారు పాతవాళ్ళు.