తలుపు కింద చీటీలు

"జొన్నచేను పిట్టమ్మా, జోల నేర్చి వస్తివా,
నా బిడ్డ నిద్దర కోసం..."

ఆ తర్వాత ఏముందో హంపమ్మకు గుర్తు రాలేదు. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ, జేజి, పాడేది. పిల్లల వార్డులో సిస్టరుగా చేరిన కొత్తలో, సూది చూసి ఏడ్చే పిల్లలకు హంపమ్మ ఈ పాటే పాడేది. ఇప్పుడు పాటా పోయింది, పిల్లల ఏడుపుకు కరగడమూ పోయింది. ఇద్దరి పని ఒక్కతే చేసి చేసి, ఒళ్లు మాత్రం డ్యూటీకి పోతోంది. మనసు దారిలో ఎక్కడ దిగిపోయిందో ఏమో!

అందుకే ఒక పొద్దున లింగమ్మవ్వ దగ్గరికి వచ్చింది. అవ్వ ఆమెకు గురువు. ఊరి చివర రేకుల ఇంట్లో ఉంటుంది, పున్నమి పున్నమికీ శిష్యుల చేత తత్వాలు పాడిస్తుంది.

"నావల్ల కాదవ్వా ఇంక. ఉద్యోగం వదిలేసి నీ కాళ్ల కాడ పడుంటా."

"మరి ఇల్లు?"

"ఇంట్లో నాతో ఎవరికీ పని పడదవ్వా. ఆస్పత్రి చిరాకు నేను ఏనాడూ వాళ్ల మీద చూపలేదు," అంది హంపమ్మ, కాస్త గర్వంగానే. "రాగానే గదిలోకి పోయి తలుపేసుకుంటా. ఎవరూ పలకరించకూడదు. ఏదైనా కావాలంటే చీటీ రాసి తలుపు కింద పెట్టాల. మొదట్లో గంటసేపే. ఇప్పుడు అన్నం వేళ దాకా. మా ఆయన అలవాటు పడినాడు. పాప చైత్రకు పన్నెండేళ్లు, ఎంత బుద్ధిమంతురాలో! రెండు నెలల నుంచి చీటీ కూడా పెట్టడం లేదు."

అవ్వ ఆమె మొహంలోకి చూసింది. లేచి లోపలికి పోయి తలుపేసుకుంది.

"అవ్వా!"

"ఏం కావాల్నో రాసి కింద పెట్టు," అంది లోపలి నుంచి.

అవ్వకు అక్షరం ముక్క రాదు. అయినా గురువు మాట గదా. హంపమ్మ సంచిలోంచి పెన్ను తీసి రాసింది.

వంట చేస్తున్న నరసమ్మ, ఆమె కూడా అవ్వ శిష్యురాలే, పకపకా నవ్వింది. "ఏం సిస్టరమ్మా, మా అవ్వ కాడ గూడ ఓపీ చీటీ పెట్టిస్తివే!"

మధ్యాహ్నమైంది. హంపమ్మ ఇంకో చీటీ తోసింది. అన్నం చల్లారింది. నరసమ్మ నవ్వడం మానేసి పొయ్యి దగ్గరే కూర్చుంది. లోపల దగ్గు వినబడింది గానీ మాట రాలేదు. హంపమ్మ మూడో చీటీ పెట్టి, తలుపుకు చెవి ఆనించి కూర్చుంది.

ఆఖరి బస్సు వచ్చే వేళకు తలుపు తెరుచుకుంది. చీటీలన్నీ అవ్వ చేతిలో ఉన్నాయి.

"నాకు చదవను రాదు గదమ్మా. నువ్వే చదువు."

"నేను ఉద్యోగం మానాలా, వద్దా?" అని చదివింది హంపమ్మ. రెండోది తీసింది. "అవ్వా, అన్నం తినవా?"

"ఇంకోటి ఉంది."

"అవ్వా, నా మీద..."

హంపమ్మ చీటీ మడిచేసింది.

నా మీద కోపమా, అని ఉంది అందులో. ఇదే మాట రెండు నెలల కింద పెన్సిలుతో చైత్ర రాసింది, అవ్వా అన్న చోట అమ్మా అని. అదే ఆ పిల్ల పెట్టిన ఆఖరి చీటీ. హంపమ్మ దాని వెనకే, కేస్ షీటు మీద రాసినట్టు, "లేదు. చదువుకో" అని రాసి, తలుపు కింద నుంచే బయటికి తోసింది. ఆ రోజు తలుపు అవతల చాలాసేపు వెనక్కి పోయే అడుగుల చప్పుడు లేదు. పోనీలే, గొడవ లేదు అనుకుంది.

అవ్వ కర్ర ఊతంగా బస్సు దాకా వచ్చింది. ఎక్కి కూర్చున్నాక హంపమ్మ కిటికీలోంచి వంగి అడిగింది.

"అవ్వా, ఇప్పుడు చైత్రే తలుపేసుకుంటోంది. నేను పోయి కొడితే తీస్తుందా?"

వచ్చే పున్నమికి అవ్వ బతికి లేదు. కిటికీ కమ్మీ మీద చెయ్యి పెట్టి ఆమె ఆ సాయంత్రం అన్నదే హంపమ్మకు మిగిలిన ఆఖరి మాట.

"తీయకపోతే కోపం తెచ్చుకోవద్దు బిడ్డా. నీ తలుపు కాడ అది శానా దినాలు కూచున్యాది."