నీళ్ళు చూసిన ఓబక్క

ఏరు ఎటు పారాలో ఇంకా తేల్చుకోని రోజుల్లో, ఆ ఏటికి పైన ఎగువపట్నం, కింద దిగువపట్నం ఉండేవి. నీళ్ళ కోసం ఏడేళ్ళు కొట్టుకున్నాయి. ఏడేళ్ళయ్యాక చేతులు నొప్పెట్టి ఆగాయి. ఇకమీదట మాటలతో తేల్చుకుందామని, దిగువ రాజు తన రాయబారి అయ్యపరాజు గారిని ఎగువపట్నంలో కాపురం పెట్టించాడు. ఆయన ఉన్న ఇంటిని విడిది అనేవారు.

విడిదికి ఒక కట్టుబాటు ఉంది. ఎవరొచ్చినా గడప ముందు కాళ్ళు కడగాలి. కడిగాక ఆ మనిషి చుట్టం. చుట్టం మూట ఎవరూ విప్పి చూడకూడదు.

ఆ కాళ్ళు కడిగేది ఓబక్క. ఆమెది ఎగువపట్నమే. మొగుడు ఆ ఏడేళ్ళ పోరులోనే పోయాడు. మొగుణ్ణి చంపినవాళ్ళ కాళ్ళు కడుగుతోందని ఊరంతా ఆడిపోసుకునేది. ఓబక్క తన పని చేసుకుపోయేది. చెంబుతో నీళ్ళు పోసేది, కాళ్ళు కడిగేది, ఆ నీళ్ళు పళ్ళెంలో పట్టేది. పారబోసే ముందు ఒక్కసారి పళ్ళెంలోకి చూసేది.

నీళ్ళలో ఎర్రమట్టి దిగితే మెట్టదారిన వచ్చినవాడు. నల్లమట్టి దిగితే చేలకడ్డంపడి వచ్చినవాడు. ఇసుక దిగితే ఏటివెంట వచ్చినవాడు. నోటితో చెప్పిన దారీ పళ్ళెంలో కనపడిన దారీ ఒకటి కాకపోతే ఓబక్క గడపకు అడ్డంగా కూర్చునేది. అంతే, ఆ మనిషి లోపలికి వెళ్ళేది లేదు. విడిదికి బల్లేలు పట్టిన కావలివాళ్ళు నలుగురున్నారు. అసలు కావలి ఎవరో మీరే చెప్పండి.

అదే విడిదిలో అంట్లు తోమేది నాంచారి. నాంచారికి ఓబక్కంటే కుళ్ళు. చిన్నాచితకా కుళ్ళు కాదు, తిన్నది ఒంటికి పట్టనివ్వని కుళ్ళు.

అయ్యపరాజు గారు బయటినుంచి వచ్చినప్పుడల్లా, "ఓబక్కా, నీ చెయ్యి చల్లన," అనేవారు. నాంచారి చెయ్యి బూడిదలో ఉండేది. అది మొదటి మంట. ఓబక్కకు ఒంట్లో బాగాలేని రోజున వచ్చినవాళ్ళు, "ఓబక్క లేదా?" అని అడిగేవాళ్ళు. నాంచారి మంచాన పడితే గిన్నెలు కూడా అడిగేవి కావు. అది రెండో మంట. ఇక మూడోది. తనకు ఓబక్క మీద ఇంత కుళ్ళుందే, ఓబక్కకు తన మీద ఇసుమంతైనా లేదు. అన్నిటికన్నా అది పెద్ద మంట.

మాటలు నడుస్తుంటే ఏటినీళ్ళు కూడా నడిచాయి. పోరు ఆగడం గిట్టనివాళ్ళు కొందరు రెండు పట్నాల్లోనూ ఉన్నారు. విడిది కాలితే పోరు మళ్ళీ రాజుకుంటుందని వాళ్ళ లెక్క.

ఒకనాడు మధ్యాహ్నం, లోపల వడ్డనలు సాగుతుండగా, ముగ్గురు మనుషులు మూడు మూటలతో వచ్చారు. దిగువ రాజు పంపగా మూడు రోజులు మెట్టదారిన నడిచి వస్తున్నామన్నారు. ఓబక్క నీళ్ళకని బావికి వెళ్ళింది. చెంబు గడప పక్కన ఉంది. పళ్ళెం చెంబు పక్కన ఉంది. నాంచారి అటు చూసింది, ఇటు చూసింది, చెంబు తీసుకుంది.

ఎన్నాళ్ళ కోరిక అది. ముగ్గురి కాళ్ళూ కడిగింది. వాళ్ళ మొహాల్లోకే చూస్తూ కడిగింది, చెయ్యి చల్లన అంటారేమోనని. ఎవరూ అనలేదు. లోపలికి వెళ్ళిపోయారు.

బిందెతో ఓబక్క వచ్చింది. పళ్ళెంలోకి చూసింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. పైన నూనె తెట్టు కట్టింది.

"ఎవరు కడిగారే?"

"నేనే. నీ ఒక్కదానికేనా చేతులున్నది?"

"మూడు రోజులు నడిచిన కాళ్ళకు మట్టేదే, నాంచారీ?"

బిందె అక్కడే వదిలేసి ఓబక్క లోపలికి పరిగెత్తింది, వెనకే నాంచారి. ఆ మూటల నిండా నూనెలో తడిపిన గుడ్డలు. ఓబక్క, "లేవండి, విస్తళ్ళ ముందునుంచి లేవండి," అని అరిచేలోపు పొగ కమ్మేసింది. వాకిలి వైపంతా మంట. మిగిలింది దొడ్డితలుపు. అది పైనుంచి జారిపడే తలుపు. ఎత్తి పట్టుకోకపోతే నిలవదు. ఓబక్క దాన్ని ఎత్తి, వీపుమీద ఆనించుకుని నిలబడింది. ఆమె చెయ్యి కిందనుంచి ఒక్కొక్కరే పదకొండుమంది బయటపడ్డారు. పదకొండోది నాంచారి. ఆమెను ఓబక్క మెడపట్టి తోసింది. ఆ తర్వాత దూలం కూలింది.

అయ్యపరాజు గారు పోయారు. కావలివాళ్ళు నలుగురూ పోయారు. ఓబక్క పోయింది. నిప్పు పెట్టిన ముగ్గురూ ఊరిచివర దొరికారు. వాళ్ళను పంపిందెవరో కూడా తేలింది. అందుకని పోరు రాజుకోలేదు.

దిగువ రాజు తానే వచ్చాడు. కాలిన చోట రాయి పాతించి ఐదు పేర్లు చెక్కించాడు. ఆరోది లేదు. కాళ్ళు కడిగేవాళ్ళను ఎవరు రాసుకుంటారు, ఎగువకు పరాయిదాని కింద లెక్క, దిగువకు సొంతమనిషి కాదు.

బతికి బయటపడ్డవాళ్ళు మాత్రం ఒక మాట చెప్పారు. కాళ్ళు కడిగిన మనిషే కనిపెట్టి అరిచిందని, పొగలో మొహం కనపడలేదని. ఆ పూట చెంబు ఎవరి చేతిలో ఉందని రాజు అడిగాడు. నాంచారి కడగడం వీధిలోవాళ్ళంతా చూసినదే. అందరూ నాంచారి వైపు తిరిగారు.

రాజు ఆమెకు పట్టుచీర పెట్టించాడు. కొత్త విడిదిలో కాళ్ళు కడిగే పని నీదీ, నీ తర్వాత నీ కూతురిదీ అన్నాడు. మూడోనాడు నీ పేరు రాయిమీద చెక్కిస్తానన్నాడు.

అంతా అడగకుండానే దొరికింది. మొదటిరోజు వీధిలో అందరూ దణ్ణం పెట్టారు. నాంచారి తలెత్తుకు నడిచింది. రెండోరోజు ఒక ముసలమ్మ ఆమె చేయి పట్టుకుని, "నీ చెయ్యి చల్లన, తల్లీ," అంది. ఆ రాత్రి నాంచారి అన్నం ముట్టలేదు. మూడోరోజు రాయి దగ్గర ఉలి పట్టుకున్న మనిషి పేరు చెప్పమన్నాడు.

నాంచారి రాయి దగ్గరికి వచ్చింది.

"ఓబక్క," అంది. "కడిగింది నేను. చూడనిదాన్నీ నేనే. చూసింది అది. తలుపు మోసింది అది."

రాజు మొహం మాడిపోయింది. మరి ఈ మూడు రోజులూ ఎందుకు ఊరుకున్నావన్నాడు. ఇప్పుడెందుకు చెబుతున్నావన్నాడు.

"నాకది గిట్టదు, దొరా. బతికుండగా గిట్టలేదు, పోయాక కూడా గిట్టడం లేదు. ఊరు నన్ను మెచ్చుకున్నప్పుడల్లా మెచ్చుకునేది దాన్నే. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. పొద్దస్తమానం ఆ కుళ్ళు నేను మోయలేను. దానిది దానికిచ్చెయ్యండి."

పక్కనున్న మంత్రి గొంతు సవరించుకున్నాడు. రాయబారి పేరు కింద కాళ్ళు కడిగే ఆడదాని పేరా, అందులోనూ ఎగువపట్నం దాని పేరా అన్నాడు.

"మంట వరస అడిగి కాల్చిందా, అయ్యా?" అంది నాంచారి.

రాజు నాంచారిని శిక్షించనూ లేదు, చీర వెనక్కి తీసుకోనూ లేదు. ఆ చీర ఆమె ఒక్కనాడూ కట్టలేదు. రాయిమీద పైనంతా నిండిపోయింది కాబట్టి ఓబక్క పేరు అట్టడుగున, నేలకు జానెడెత్తున చెక్కారు.

ఏడాది తిరిగింది. నాంచారి చెంబు తెచ్చి రాయి మొదట్లో నీళ్ళు పోసింది. రాతికి కాళ్ళెక్కడుంటాయి, మొదలేగా. పోసిన నీళ్ళు ముందుగా ఓబక్క పేరు మీదే పడ్డాయి. నాంచారి ఒళ్ళు మండిపోయింది. "ఇక్కడా నీకే ముందా," అని చేత్తో రుద్ది రుద్ది కడిగింది. బతికినన్నాళ్ళూ, ఏడాదికోసారి తిడుతూనే కడిగింది.

ఇప్పటికీ ఆ రెండు పట్నాలవాళ్ళూ ఆ రోజున, వడ్డనల వేళకు, రాయి దగ్గర చేరతారు. మూడు చెంబుల నీళ్ళు పోస్తారు. పారిన నీళ్ళలోకి ఒకసారి చూస్తారు. ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోరు. ఒక్కొక్కరే వచ్చి, పోయినవాళ్ళ దగ్గర తమకు కుళ్ళు పుట్టించేది ఏదో పైకి చెబుతారు. నీ అంత నిబ్బరం నాకు లేదే అని ఒకరు. నీ వీపు నాకుంటే కూలిన గోడ కిందనుంచి మా నాన్నను బయటికి లాగేదాన్ని అని ఒకరు. శత్రువు ఇంట్లో కూర్చుని నవ్వుతూ మాట్లాడావు, నాకు పక్కింటివాడితోనే చేతకాదు అని అయ్యపరాజు గారితో ఒకరు.

ఆఖరి చెంబు మాత్రం ఊళ్ళో అందరికన్నా నోరున్న పిల్లకు ఇస్తారు. ఆ పిల్ల కింద కూర్చుని, అట్టడుగు పేరు చేత్తో రుద్ది కడిగి, నాంచారి ఏటా కడుగుతూ అన్నమాటే అనాలి.

"చూశావా, ఓబక్కా. ఇంకా నీ పనే నాచేత చేయిస్తున్నావు."