మచ్చలేని మంట

జిలాన్ బాషాకు మచ్చలేని మంట కావాలి. అంతకంటే తక్కువది ఏదీ అతనికి అక్కర్లేదు.

గుట్ట మీది దర్గాలో గురువారం గురువారం మూడొందల మందికి అన్నం వండుతారు. ఆ అన్నం ఏ మంట మీద ఉడకాలి? అదీ అతని ప్రశ్న. ఆ ప్రశ్న అతన్ని నిద్రలో కూడా వదలడం లేదు.

ఇంజనీరింగ్ పూర్తి చేసి, వచ్చిన ఉద్యోగం వద్దనుకుని, రెండు పెట్టెల పుస్తకాలతో గుట్టెక్కి, దర్గా పెద్ద కరీముల్లా బాబాకు శిష్యుడయ్యాడు. వచ్చిన ఏడాదిలోనే ప్రార్థన హాలు మిద్దె మీద సోలార్ పలకలు పెట్టించాడు. ఎనిమిది ఫ్యాన్లు, ఇరవై దీపాలు సూర్యుడితోనే నడిచాయి. మొదటి ఫ్యాను తిరిగిన రోజు అతను పిల్లాడిలా ఎగిరి గంతేశాడు. "బొగ్గుకు బొంద! సూర్యుడికి జై!" అని అరిస్తే, వచ్చిన భక్తులంతా జై కొట్టారు. బాబా కూడా నవ్వుతూ చెయ్యెత్తాడు.

వంటింట్లో మాత్రం పాత పొయ్యే. అక్కడ ఖాసింబీ వండుతుంది. ఆమెకు అరవై దాటాయి. ఆ చుట్టుపక్కల దొరికేది సర్కారు తుమ్మ ఒక్కటే. సగం ఎండిన కట్టె మంట కంటే పొగే ఎక్కువిస్తుంది. నలభై ఏళ్లు ఆ పొగలో ఊదుగొట్టం పట్టుకుని కూర్చున్న మనిషికి దగ్గు పట్టుకుంది. పొగకు దూరంగా ఉండకపోతే ఈ ఏడు దాటదని టౌనులో డాక్టరు చెప్పేశాడు.

ఆ మాట విన్న వారానికే లారీ డ్రైవర్ ఓబులేసు పెద్ద గ్యాసు పొయ్యి, నాలుగు సిలిండర్లు లారీలో వేసుకొచ్చి దించాడు. కొడుకు పుడితే తెస్తానని మొక్కుకున్నాడట. కూతురు పుట్టింది. అయినా తెచ్చాడు.

జిలాన్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"గ్యాసా? అదీ భూమి పొట్ట చీల్చి తీసిందే! ఒక విషం బదులు ఇంకో విషమా? చిన్న పాపం అనేది లేదు బాబా, పాపమే ఉంది. దర్గాలో అది అడుగు పెట్టకూడదు!"

"మరి ఏది మంచిది నాయనా?" అన్నాడు బాబా.

"అన్నీ పక్కపక్కన పెట్టి పోల్చి చెప్తాను."

"తేల్చి చెప్పు. అంతదాకా నీ మాటే."

పొయ్యి సామాన్ల కొట్లోకి పోయింది. రెండు నెలలు గడిచాయి. వచ్చినప్పుడల్లా ఓబులేసు అడిగేవాడు. "ఏమప్పా ఇంజనీరూ, నా పొయ్యికి ముహూర్తం ఇంగా కుదర్లేదా?"

జిలాన్ కాగితాల్లోంచి తలెత్తేవాడు కాదు. రాస్తూ ఉండేవాడు.

మే నెలలో ఒక గురువారం అతని లెక్క పూర్తయింది. పన్నెండు కాగితాలు. హాలంతా జనం. కిటికీలకు కట్టిన వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లారు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. బయట రాళ్లు కాలుతున్నా లోపల హాయిగా ఉంది. జిలాన్ లేచి నిలబడ్డాడు.

"ఈరోజు మనం ఒక యుగానికి సమాధి కడుతున్నాం!" అన్నాడు.

చప్పట్లు మోగాయి.

అప్పుడే వంటింట్లోంచి దగ్గు వినిపించింది. పొడిగా, ఆగకుండా.

బాబా చెయ్యెత్తి జిలాన్‌ను ఆపాడు. లేచి వంటింట్లోకి వెళ్లి ఖాసింబీని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఫ్యాను కింద ఉన్న తన చాప మీద ఆమెను కూర్చోబెట్టాడు. ఆమె కంగారుపడింది.

"ఇదేంది సామీ, మీ చాప మీద నేనా? ఎసరు మరిగి పోతాంది!"

"నీ మంట గురించే చెప్తాండాడమ్మా. నువ్వు వినల్ల."

ఆమె చేతిలోని ఊదుగొట్టం తీసుకుని బాబా వంటింట్లోకి వెళ్లాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. అక్కడి నుంచే కేకేశాడు. "కానీ నాయనా, వినిపిస్తాంది!"

జిలాన్ అందుకున్నాడు. మొదట బొగ్గు. కాల్చిన వేడిలో మూడో వంతు మాత్రమే కరెంటు అవుతుంది, మిగతాదంతా ఆకాశానికే పోతుంది. ఆ కరెంటుతో మళ్లీ నీళ్లు కాచుకోవడం వేడిని రెండుసార్లు పారబోయడమే. జనం ఊగిపోయారు. తర్వాత సూర్యుడు, ఆ పలకలు ఫ్యాన్లకు, దీపాలకే సరి, పొయ్యికి చాలవు. తర్వాత గాలి. గుట్ట మీద ఆషాఢంలో హోరెత్తుతుంది, మాఘంలో ఆకు కదలదు. తర్వాత పేడ గ్యాసు. దర్గాకున్న రెండు బర్రెలతో టీ కాగుతుంది, మూడొందల మందికి అన్నం ఉడకదు. చల్లదనం మాటకొస్తే, ఈ తడికలకు నీళ్లు చాలు. కానీ ఆ నీళ్లు బోరులోంచి రావాలి, బోరుకు మోటారు, మోటారుకు మళ్లీ బొగ్గు కరెంటే!

"చూశారా, ఎక్కడ తవ్వినా బొగ్గే!" అని జిలాన్ పిడికిలి బిగించాడు.

ఖాసింబీ కొంగుతో నోరు తుడుచుకుంది.

"బాగా చెప్తాండావు నాయనా. ఇంతకీ నేను దేని మీద వండల్ల?"

"వస్తున్నా జేజీ, అక్కడికే వస్తున్నా."

వంటింట్లోంచి దగ్గు. ఈసారి ముసలాయనది. జిలాన్ ఆగాడు.

"కానీ!" అని లోపలి నుంచి కేక వచ్చింది. వెనకే మళ్లీ దగ్గు.

జనం మధ్యలోంచి ఓబులేసు మెడ సాచి చూశాడు. "ఇంగా ఎన్ని కాగితాలప్పా?"

"ఏడు."

"ఏడా! వేగిరం చదువు. బాబా ఆఖరు కాగితం దాకా ఉండల్ల గదా."

ఎవరో నవ్వారు. దగ్గు ఆగలేదు. నవ్వు ఆగిపోయింది.

జిలాన్ ఆరో కాగితం పైకెత్తాడు. ఒక వాక్యం చదివాడు. రెండోది చదవలేకపోయాడు. కాగితాలు పట్టుకునే వంటింట్లోకి పరుగెత్తాడు.

లోపల మనిషి కనిపించలేదు. తెల్లటి పొగ, మధ్యలో ఎర్రటి చుక్క, దాని పక్కన ఊపిరి పీల్చే చప్పుడు.

"ఇటివ్వండి బాబా! లేవండి!"

బాబా గొట్టం ఇచ్చేశాడు. లేచి గోడకు ఆనుకున్నాడు.

"ఊదు. మధ్యమధ్యలో చదువు. చెవులు బాగానే ఉండాయి నాకు."

జిలాన్ ఊదాడు. పొగ ఎదురు తిరిగి గొంతులోకి దిగింది. మళ్లీ ఊదాడు. కట్టె బుసకొట్టింది గానీ అంటుకోలేదు. కళ్లు తుడుచుకుని కాగితం మొహం దగ్గర పెట్టుకున్నాడు. అతని అక్షరాలే అతనికి కనిపించలేదు.

"ఏ మచ్చా లేని ఇంధనం దొరికేంత వరకు..." అని మొదలుపెట్టాడు. దగ్గు వచ్చింది. ఆ వాక్యం పూర్తి కాలేదు.

కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత గొట్టం కింద పెట్టి, తలుపు తోసుకుని బయటికి నడిచాడు. "ఓబులేసన్నా, ఒక చెయ్యి వెయ్యి!" అన్న కేక హాలంతా వినిపించింది. సామాన్ల కొట్లో గోనెసంచులు లాగిన చప్పుడు, సిలిండరు బండల మీద దొర్లిన చప్పుడు. పిలవకుండానే పదిమంది లేచి పరుగెత్తారు. ఖాసింబీ వాళ్ల వెనకే వచ్చి, "ఒరేయ్, ఎసరు తొణక్కుండా దించండ్రా!" అని అరిచింది. అగ్గిపుల్ల గీశారు. నీలం మంట గుప్పున లేచి గిన్నె అడుగంతా పరుచుకుంది. జనం జై కొట్టారు.

జిలాన్ ఒక్కడే జై కొట్టలేదు. మొహమంతా మసి, కళ్లు నిప్పులు. నేరుగా బాబా దగ్గరికి వచ్చాడు.

"నా లెక్క అబద్ధం కాదు బాబా. ఇదీ భూమిలోంచి తోడిందే. ఇదీ తప్పే!"

"తప్పే," అన్నాడు బాబా. "రేప్పొద్దున్నే దీన్ని కూడా తీసేసే పని మొదలుపెట్టు."