ఉత్త చప్పుడు

కుమాజోకి రెండు కోరికలు మిగిలాయి. సముద్రం అవతలి దేశం చేత సంధిపత్రం మీద సంతకం పెట్టించడం ఒకటి. బయలుదేరే ముందు గురువుగారి చేత శభాష్ అనిపించుకోవడం రెండోది. మొదటిది తేలికేనని అతని నమ్మకం. యుద్ధనౌక ఉంది, దాని మీద ఫిరంగులున్నాయి, సర్కారు ఆజ్ఞ కోటు జేబులో ఉంది. రెండోదాని మీదే అతనికి నమ్మకం చాల్లేదు.

జపాన్ పడమటి తీరంలో చిన్న రేవు అది. అమ్మా నాన్నా పోయాక కుమాజోని కొండ మీది బౌద్ధాలయంలో గెన్షు గురువే పెంచాడు. పొద్దు వాలగానే, గుడి మండపంలో వేలాడే నిలువెత్తు కంచు గంటను దుంగతో కొట్టడం అప్పట్లో కుమాజో పని. ఆ గంట వినపడితే ఒడ్డున గవ్వలేరుకునే పిల్లలంతా ఆట కట్టేసి ఇళ్ళకు పోవాలి. అదీ ఆ ఊరి ఆచారం.

ఆ కుర్రాడే ఇప్పుడు నౌకకు కెప్టెన్. ఓడను రేవులో నిలిపి, బంగారు గుండీల కోటు తొడుక్కుని కొండెక్కాడు. గుడి గుమ్మంలో బూట్లు విప్పడానికి నానా తంటాలు పడ్డాడు. ఆ బిగుతు పంట్లాంతో చాప మీద కూర్చోవడం ఇంకా పెద్ద తంటా అయింది.

"కాళ్ళు మడవనివ్వని బట్టలు ఎవడు కుట్టాడురా నీకు?" అని నవ్వుతూ టీ పోశాడు గెన్షు.

కుమాజో కూడా నవ్వి, వచ్చిన పని చెప్పాడు. రేపు పొద్దున్నే లంగరెత్తుతారు. అవతలి రేవు ముందు ఓడ నిలిపి పత్రం పంపిస్తారు. వాళ్ళు తమ రేవులు తెరవాలి, మన వర్తకుల్ని రానివ్వాలి.

"ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకుంటారు గురువుగారూ. ముందుగా ఫిరంగి పేలుస్తాం. గుండు వెయ్యం, ఉత్త మందే. ఒక్క ప్రాణం పోదు, ఒక్క పెంకు పగలదు. ఉత్త చప్పుడు. దానికే సంతకం పెట్టేస్తారు."

ఆ ఆలోచన అతనిదే. మొదటి దెబ్బకే నిజం గుండు వేద్దామన్న తోటి అధికారులతో పోట్లాడి మరీ ఒప్పించాడు. ఆ సంగతి చెబుతున్నప్పుడు అతని మొహం వెలిగిపోయింది. పాపం, కుమాజో చెడ్డవాడేమీ కాదు. తన వల్ల నెత్తురు చిందకూడదని మనసారా కోరుకున్న మనిషి.

గెన్షు శభాష్ అనకుండా మళ్ళీ టీ పోస్తూంటే అతనికి కాస్త ఉక్రోషం వచ్చింది.

"తెల్లవాళ్ళు మనల్నీ ఇలాగే లొంగదీశారు కదా! ఆ నల్ల ఓడ వచ్చిన రోజు మర్చిపోయారా? బలం లేకపోతే మళ్ళీ అదే గతి. మనం వెళ్ళకపోతే ఇంకొకడు వెళ్ళి పేలుస్తాడు."

"మర్చిపోలేదు. నువ్వన్నదీ అబద్ధం కాదు" అన్నాడు గెన్షు.

ఆ నల్ల ఓడ వచ్చి వెళ్ళిన ఏడాదే, ఫిరంగులు పోయించడానికి కంచు కావాలని పాలకులు గుళ్ళలో గంటలన్నీ దించుకుపోయారు. ఈ గుడి గంటా పోయింది. మండపం మిగిలింది, గంటను కొట్టే దుంగ మిగిలింది. గెన్షు ఇప్పటికీ సాయంత్రం కాగానే వెళ్ళి ఆ దుంగను ఖాళీలోకి ఒకసారి ఊపి వస్తాడు. ముసలాయనకు చాదస్తం ముదిరిందని ఊళ్ళో నవ్వుకుంటారు.

కుమాజో ముందుకు వంగాడు. దాచుకున్న కబురు ఇక ఆగేలా లేదు.

"మీకో కానుక తెచ్చాను. మన గంటతో పోసిన ఫిరంగి దొరికింది! పాత ఆయుధశాలలో పడి ఉంది. మన గుడి పేరు చెక్కి ఉంది దాని మీద. అడిగి మా ఓడకు తెచ్చుకున్నాను. అక్కడ పేల్చేది దాన్నే. ఇవాళ గంట వేళకు ఒక్కసారి పేల్చమని మావాళ్ళకు చెప్పి వచ్చాను. ఇన్నేళ్ళ తర్వాత మన గంట వింటారు మీరు."

ముసలాయన కళ్ళు చెమరుస్తాయనుకున్నాడు. గెన్షు చేతిలో కప్పు కింద పెట్టాడు.

"అయితే మండపంలో కూర్చుని విందాం, పద."

మండపంలో దూలానికి ఇనుప కొక్కెం ఒకటే వేలాడుతోంది. దాని కింద నున్నటి రాయి. గెన్షు ఆ రాయి చూపించాడు.

"అక్కడ కూర్చో. ఆ రోజు కూర్చున్న చోటే."

కుమాజో కూర్చున్నాడు. ఆ రోజు మర్చిపోయేదా? నల్ల ఓడ ఫిరంగి పేల్చగానే ఏడుస్తూ కొండెక్కి, గంట కింద దూరి ముడుచుకుపోయాడు. వెనకే గెన్షు పాక్కుంటూ వచ్చి గంటలోకి దూరాడు. చీకటి పడేదాకా ఇద్దరూ బయటికి రాలేదు. ఓడ పేల్చింది ఉత్త మందేనని ఊరికి తెలిసేసరికి మర్నాడైంది.

గెన్షు మోకాళ్ళు పట్టుకుని మెల్లగా అతని పక్కన చతికిలబడ్డాడు. పొద్దు సముద్రంలోకి దిగుతోంది. కింద ఒడ్డున పిల్లలు గవ్వల కోసం పోట్లాడుకుంటున్నారు.

ఫిరంగి పేలింది.

ఓడ మీద నిలబడి కన్నార్పకుండా ఎన్నోసార్లు విన్న చప్పుడే అది. అయితే అప్పుడల్లా కుమాజో ఫిరంగి వెనక ఉన్నాడు. ఇప్పుడు కాళ్ళ కింద కొండ అదిరింది. తల దానంతటదే మోకాళ్ళ మధ్యకు పోయింది. ఎవరి చేతులో వచ్చి చెవులు మూశాయి. తనవేననుకున్నాడు. కాదు, తన చేతులు కోటు గుండీలను పట్టుకుని ఉన్నాయి. చెవుల మీద ఉన్నవి ఎండిపోయిన ముసలి చేతులు. అగరు వాసన వేస్తున్నాయి.

చేతులు తీశాక కింది నుంచి కేకలు వినిపించాయి. పిల్లలు తలోదిక్కూ పరుగెడుతున్నారు. తల్లులు పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారు.

"ఉత్త చప్పుడే గురువుగారూ" అనబోయాడు కుమాజో. మాట సగంలోనే వదిలేసి కిందికి చూశాడు.

గెన్షు అతని కోటు మీద దుమ్ము దులిపాడు.

"అవతలి ఒడ్డున పేల్చే ముందు ఒక్క సంగతి కనుక్కో నాయనా. పిల్లలు దూరి దాక్కోవడానికి అక్కడి గుడిలో గంట ఇంకా ఉందా, తీసేశారా అని."

కుమాజో తలెత్తి చూశాడు. కొక్కెం, దాని అవతల ఆకాశం. కింద పిలుపులన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఒక తల్లి మాత్రం "ఓచియో! ఓచియో!" అని ఇంకా పిలుస్తూనే ఉంది.

కుమాజో లేచాడు. గుమ్మంలో బూట్లు ఉన్నచోటే వదిలేసి, ఆ పిల్లను వెతకడానికి మెట్ల మీద కిందికి పరుగెత్తాడు.